రోడ్డునీ గాలినీ ఒకే కాగితం మీద గీయాలి

కడపలో గాలి ఎలా ఉందో ఫోన్‌లో చూస్తే ఒక అంకె కనిపిస్తుంది, దాని వెనక ఒక రంగు. ఎర్రగుంట్ల నుంచి లారీలు దిగే దారిలో చిల్లర కొట్టు పెట్టుకున్న మనిషికి ఆ అంకె చూపించండి. ఒకసారి ఫోన్ వంక చూస్తాడు, ఒకసారి తన కౌంటర్ మీది దుమ్ము వంక చూస్తాడు. అంకె తప్పని కాదు. అది అతని రోడ్డు గురించి చెప్పే అంకె కాదు, అంతే.

మన దగ్గర రోడ్ల సంగతి ఒక ఆఫీసులో ఉంటుంది, గాలి సంగతి ఇంకో ఆఫీసులో. ఒకటి ఇంజనీర్ల రిజిస్టర్లలో, రెండోది కాలుష్య నియంత్రణ మండలి పట్టికల్లో. ఆ దారిలో పోయే మనిషికి మాత్రం రెండూ ఒకేసారి తగులుతాయి, గుంత నడుముకి, దుమ్ము ముక్కుకి. అందుకే ఈ రెండింటినీ ఒకే కాగితం మీద గీయాలని, అదీ మొదట చేత్తోనే గీయాలని, గీసేవాళ్ళు ఆ దారిలో రోజూ తిరిగేవాళ్ళే కావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో వివరంగా చెబుతాను.

నేను సివిల్ డ్రాఫ్ట్స్‌మన్‌ని. ట్రేసింగ్ పేపర్ మీద రోడ్డు ఎల్-సెక్షన్లు, అంటే రోడ్డు పొడవునా ఎత్తుపల్లాలు చూపే డ్రాయింగులు, గీసిన రోజుల నుంచి కంప్యూటర్‌లో గీసే ఆటోక్యాడ్ దాకా వచ్చిన తరం మాది. పని మీద కడప, కమలాపురం, ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు మధ్య బస్సుల్లో తిరుగుతూనే ఉంటాను. సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు, థర్మల్ కేంద్రం అన్నీ ఆ చుట్టుపక్కలే. సిమెంటు, బండలు, బూడిద, కంకర మోసే బండ్లన్నీ ఆ రోడ్లమీదే పోవాలి.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. అందరూ ఏక్యూఐ అనే వాయు నాణ్యత సూచీ మన దేశంలో 2015లో అమల్లోకి వచ్చింది. అది చూసే కాలుష్యాలు పీఎం10 అనే లావు ధూళి, పీఎం2.5 అనే సన్న ధూళి, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం అని మొత్తం ఎనిమిది. వీటిలో కొలిచినవాటికి విడివిడిగా మార్కులు వేసి, అన్నిటికంటే చెడ్డగా ఉన్నదాని మార్కునే ఆ స్టేషన్ అంకెగా ప్రకటిస్తారు. 0 నుంచి 500 దాకా ఆరు మెట్లు, ఆరు రంగులు. ధూళి విషయంలో అది 24 గంటల సగటు. పొద్దున టిప్పర్లు వరసగా పోయినప్పుడు లేచిన దుమ్మూ, అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీది గాలీ ఆ సగటులో కలిసిపోతాయి. పైగా కొలిచే యంత్రం ఉన్నది ఒక చోట. కడపలో ఎప్పటికప్పుడు రీడింగ్ ఇచ్చే స్టేషన్ ఎర్రముక్కపల్లెలో ఉంది. ఏడు రోడ్ల కూడలిలో ఆటో కోసం నిలబడ్డ ముసలాయన పీల్చేది ఆ గాలి కాదు.

యంత్రం తనంతట తాను రీడింగ్ ఇవ్వని చోట ఇంకో పద్ధతి ఉంది. తూచిన ఫిల్టర్ కాగితాన్ని శాంప్లర్‌లో పెట్టి గాలిని లాగిస్తారు. తర్వాత దాన్ని మళ్ళీ తూస్తారు. పెరిగిన బరువే ధూళి. వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదికి 104 రీడింగులు తీయాలని నియమం. నాకు ఆ ఫిల్టర్ కాగితం అంటే చాలా గౌరవం. తెల్లగా లోపలికి పోతుంది, మట్టి రంగులో బయటికి వస్తుంది. ఊరి గాలికి అంతకంటే నిజమైన బొమ్మ లేదు. కానీ మనదాకా వచ్చేది ఆ కాగితం కాదు, దాని బరువు. అదీ పట్టికలో ఒక గడిలో.

2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. గాలి ప్రమాణాలను ఏళ్ళ తరబడి దాటుతున్న పట్టణాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి 13 ఉన్నాయి. మన సీమ నుంచి కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు. ఆ కార్యక్రమం డబ్బు దేశవ్యాప్తంగా ఎక్కడికి పోయిందో ఢిల్లీలోని సీఎస్ఈ (సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్) సంస్థ 2024లో లెక్కగట్టింది. 64 శాతం రోడ్డు దుమ్ము పనులకే ఖర్చయింది. రోడ్లు వేయడం, గుంతలు పూడ్చడం, నీళ్ళు చల్లడం, ఊడ్చే యంత్రాలు కొనడం, ఇవన్నీ అందులోనివే. పరిశ్రమల కాలుష్యానికి ఒక్క శాతం కూడా దక్కలేదు. ఆ పంపకం న్యాయంగా లేదని నా అభిప్రాయం. అయినా అది ఇప్పటికి పక్కన పెడతాను. గాలి పేరు మీద వచ్చిన డబ్బుతో గుంతలు పూడ్చినప్పుడే, రోడ్డూ గాలీ ఒకే సమస్య అని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు. మరి ఖర్చులో కలిసినవి బొమ్మలో ఎందుకు కలవలేదు? గుంత పూడ్చకముందు దుమ్మెంత, పూడ్చాక ఎంత అని ఆ వీధివాళ్ళకు ఎవరు చూపించారు?

రోడ్డుకూ దుమ్ముకూ ఉన్న లంకె ఊహ కాదు, దానికి లెక్క ఉంది. రోడ్డు మీద పడి ఉన్న మట్టిలో 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జల్లెడలో నుంచి జారిపోయేంత మెత్తని పొడిని సిల్ట్ అంటారు. చదరపు మీటరు రోడ్డుకి అది ఎన్ని గ్రాములు ఉందో కొలుస్తారు. బండి చక్రం దాన్ని నలిపి లేపుతుంది, వెనక వచ్చే గాలి విసురు దాన్ని పైకి ఎత్తుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఇచ్చిన సూత్రాన్నే మన దేశంలోనూ చాలా అధ్యయనాల్లో వాడతారు. దాని ప్రకారం రోడ్డు మీద సిల్ట్ రెట్టింపైతే లేచే దుమ్ము కూడా దాదాపు రెట్టింపవుతుంది. బండ్ల సగటు బరువు రెట్టింపైనా అంతే. ఇప్పుడు మన దారి చూడండి. తారు లేచిపోయి గుంత పడుతుంది. గుంత అంచున కంకర రాలుతుంది. లారీ చక్రాల కింద అది నలిగి పిండవుతుంది. గుంత తప్పించుకోవడానికి బండ్లు రోడ్డు పక్క మట్టి మార్జిన్‌లోకి దిగి, చక్రాలకు అంటిన మట్టిని మళ్ళీ తారు మీదికి తెస్తాయి. గుంత దగ్గర స్లో చేసి, దాటగానే యాక్సిలరేటర్ తొక్కుతారు, అప్పుడు సైలెన్సర్ పొగ అదనం. పైన పట్ట కప్పని టిప్పర్ నుంచి రాలేది ఇంకొంత. నీళ్ళ ట్యాంకరు వచ్చి తడిపిపోతే కాసేపు అణుగుతుంది, కానీ ఆ సిల్ట్ అక్కడే ఉంటుంది. మన ఎండకు తడి ఆరడానికి ఎంతసేపు?

రోడ్డు ఎగుడుదిగుడులను కొలవడానికి కూడా మంచి యంత్రమే ఉంది. బంప్ ఇంటిగ్రేటర్ అంటారు. జీపు వెనక కట్టి లాగే ఒంటి చక్రం బండి అది. గంటకు 32 కిలోమీటర్ల వేగంతోనే లాగాలి, ఎందుకంటే వేగం మారితే కుదుపు మారుతుంది. కిలోమీటరుకు ఆ చక్రం మొత్తం ఎన్ని మిల్లీమీటర్లు ఎగిరిందో చెబుతుంది. బిటుమినస్ కాంక్రీట్, అంటే తారూ కంకరా కలిపి వేసిన రోడ్డుకి ఆ లెక్క 2000 లోపుంటే బాగున్నట్టు, 3000 దాటితే బాగాలేనట్టు అని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. ఆ కొలత అంటే కూడా నాకు గౌరవమే. కానీ అది కూడా పట్టికలోనే ఉండిపోతుంది. ఆ పట్టిక చూసిన ఇంజనీరుకు అక్కడ గాలి ఎలా ఉందో తెలియదు. గాలి పట్టిక చూసినవాళ్ళకు అక్కడ రోడ్డు ఎలా ఉందో తెలియదు.

చేత్తో గీసి గాలిని కొలవడం కొత్త పిచ్చి అనుకునేవాళ్ళకు ఒక పాత కథ చెప్పాలి. 1888లో ఫ్రాన్స్‌లో మాక్సిమిలియన్ రింగెల్మాన్ అనే వ్యవసాయ ఇంజనీరింగ్ ప్రొఫెసర్, చిమ్నీ పొగ ఎంత నల్లగా ఉందో చెప్పడానికి కొన్ని కార్డులు తయారుచేశాడు. తెల్ల కార్డు మీద నల్ల గళ్ళు. ఒకటో నంబరు కార్డులో గీత మందం 1 మిల్లీమీటరు, గీతల మధ్య తెల్ల ఖాళీ 9 మిల్లీమీటర్లు. రెండో దాంట్లో గీత 2.3, ఖాళీ 7.7. మూడులో 3.7, 6.3. నాలుగులో 5.5, 4.5. సున్నా పూర్తి తెలుపు, ఐదు పూర్తి నలుపు. కార్డులను సుమారు 15 మీటర్ల దూరంలో పెడితే గీతలు కంటికి విడిగా ఆనవు, కలిసిపోయి బూడిద రంగుగా కనిపిస్తాయి. ఆ రంగును చిమ్నీ పొగతో పోల్చి నంబరు చెప్పాలి. స్కేలూ ఇండియన్ ఇంకూ ఉంటే ఎవరైనా గీసుకోవచ్చు. డ్రాయింగ్ బోర్డు ముందు కూర్చున్న మనిషిగా నాకు ఆ కొలతలు చదివితే ఒళ్ళు పులకరిస్తుంది. గీత మందాన్నే కొలమానం చేశాడాయన. ఆ కార్డులు ఎన్నో దేశాల్లో దశాబ్దాల పాటు పొగ చట్టాలకు ఆధారమయ్యాయి.

ఆ పద్ధతికి లోపాలు లేకపోలేదు. వెనక ఆకాశం ఎలా ఉంది, సూర్యుడు ఏ వైపున్నాడు అన్నదాన్ని బట్టి నంబరు మారిపోతుంది. అంతకంటే పెద్ద సంగతి, అది నల్ల పొగ కోసం చేసింది. మన దగ్గర లేచేది తెల్ల దుమ్ము. సిమెంటు, సున్నపురాయి, బూడిద. తెల్ల దుమ్మును తెల్ల కాగితం మీద ఎలా చూపిస్తాం? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. సమాధానం మన కాళ్ళ కిందే ఉంది. కడప నల్ల బండ. పాలిష్ పట్టిన నాపరాయి ముక్కంత నల్లటి పలక ఇంకెక్కడ దొరుకుతుంది?

అరచేతి సైజు బండ ముక్కలు బండల షెడ్డు దగ్గర వేస్టుగా పడి ఉంటాయి. వాటిని కడిగి ఆరబెట్టి, సగభాగం మీద ప్లాస్టిక్ టేపు అతికించి, దారి పొడవునా తెలిసిన దుకాణాల ముందు, వాన పడని చోట, నడుమెత్తులో పెట్టించాను. వారం తర్వాత టేపు ఊడదీస్తే సగం నల్లగా మెరుస్తూ ఉంటుంది, సగం దుమ్ము పట్టి ఉంటుంది. రెండిటి మధ్య గీత కత్తితో కోసినట్టు ఉంటుంది. లారీలు మలుపు తిరిగే చోట పెట్టిన బండ మీది పొడి తెల్లగా, మైదాలా మెత్తగా ఉంటుంది. వేలు పెడితే వేలిముద్ర పడుతుంది. ఎర్రమట్టి మార్జిన్ ఉన్న చోట పెట్టిన దాని మీద ఎర్రగా, గరగరలాడుతూ ఉంటుంది. సందుల్లో లోపలికి పెట్టిన బండ మీద పలచటి పొర, అంతే. దుమ్ము ఎక్కడిదో రంగే సగం చెప్పేస్తుంది. ఖాయంగా చెప్పాలంటే ల్యాబులో రసాయన పరీక్ష చేయించాల్సిందే. అయినా ఎక్కడ వెతకాలో బండ చూపిస్తుంది.

ఉగ్గాని, బజ్జీ అమ్మే ఒక పెద్దావిడ తన బండి పక్కన రాయి పెట్టుకోవడానికి ఒప్పుకుంది. వారం అయ్యాక నేను టేపు తీస్తుంటే వంగి చూసి, "ఇంత దుమ్మా నాయనా, ఇదంతా మా మీద పడతాందా?" అంది. ఆమె రోజూ దుమ్ము తుడుస్తుంది, గిన్నెల మీద మూతలు పెడుతుంది, తడిగుడ్డ కప్పుతుంది. దుమ్ము ఆమెకు కొత్త కాదు. కానీ తుడిచేసిన దుమ్ము లెక్కలోకి రాదు. తుడవకుండా ఉంచిన వారం దుమ్మును ఒకేచోట చూడటం ఆమెకు అదే మొదటిసారి. ఏ అంకె చెప్పినా ఆ కళ్ళలో ఆ మార్పు వచ్చేది కాదు.

ఇక రోడ్డు. దీనికి నాకు యంత్రం అక్కర్లేకపోయింది, ఆర్టీసీ బస్సు చాలింది. కిటికీ పక్క సీట్లో కూర్చుని, తొడ మీద అట్ట పెట్టుకుని, దాని మీద పొడుగు కాగితం పట్టీ పరుస్తాను. బాల్ పెన్నును పైకొన దగ్గర వదులుగా పట్టుకుని, మొన కాగితానికి ఆనీ ఆననట్టు ఉంచి, ఎడమ చేత్తో పట్టీని నెమ్మదిగా లాగుతాను. రోడ్డు బాగున్న చోట గీత సాఫీగా పోతుంది. ప్యాచ్ వర్క్ చేసిన చోట సన్నగా వణుకుతుంది. గుంతల దగ్గర గీత ఎగిరి, తెగి, మళ్ళీ దిగుతుంది. స్పీడ్ బ్రేకర్‌కు రెండు నిలువు గీతలు పడతాయి, ముందు చక్రానికి ఒకటి, వెనక చక్రానికి ఒకటి. కిలోమీటరు రాయి కనిపించినప్పుడల్లా అడ్డగీత పెట్టి నంబరు వేస్తాను. మా భాషలో దాన్ని చైనేజీ అంటాం. ఒకసారి కండక్టర్ పక్కన నిలబడి చాలాసేపు చూశాడు.

"ఏంది సార్, ఏం గీస్తాండారు?"

"రోడ్డు గీస్తున్నా అన్నా."

"ఐతే ముందర మలుపు తిరిగినాక గట్టిగా పట్టుకోండి. కాగితం చినిగిపోతాది."

మలుపు తిరిగాక గీత నిజంగానే పట్టీ అంచు దాటిపోయింది. ఆ రోడ్డు మీద ఏ కిలోమీటరు ఎలా ఉందో ఆ కండక్టర్‌కు ఒళ్ళంతా తెలుసు. డ్రైవర్లకు ఇంకా బాగా తెలుసు. ఆ తెలివిడి ఏ పట్టికలోనూ లేదు. చేత్తో గీయాలని నేను పట్టుబట్టడానికి ఇది పెద్ద కారణం. గీస్తుంటే పక్కవాళ్ళు మాట్లాడతారు. ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంటే ఎవరూ పలకరించరు.

ఈ పట్టీకి ఇంకో పొర కావాలి, అది బండ్ల రద్దీ. దీనికి దారి చూపించింది కూడా ఒక రోడ్డు ఇంజనీరే. ఫ్రాన్స్‌లో రోడ్లు, వంతెనల శాఖలో పనిచేసిన షార్ల్ జోసెఫ్ మినార్, 1845లో దిజోన్, మ్యులూజ్ ఊళ్ళ మధ్య రైలుమార్గం ఎటునుంచి వేయాలన్న చర్చ నడుస్తున్నప్పుడు, అప్పటికే రోడ్ల మీద తిరుగుతున్న ప్రయాణికుల సంఖ్యను మ్యాపు మీద పట్టీల వెడల్పుగా గీశాడు. జనం ఎక్కువ తిరిగే దారి లావుగా, తక్కువ తిరిగేది సన్నగా. చూడగానే ఎవరికైనా అర్థమవుతుంది. నేనూ అదే చేస్తున్నాను. టీ తాగేంతసేపు ఒక చోట నిలబడి పోయే లారీలు, టిప్పర్లు లెక్కపెట్టి, ఆ లెక్కకు తగ్గ వెడల్పుతో పెన్సిల్ షేడ్ వేస్తాను. పట్ట కప్పినవాటికి పలచటి షేడ్, కప్పనివాటికి ముదురు షేడ్.

అలా పైన బస్సు గీసిన గీత, మధ్యలో లారీల పట్టీ, కింద దుమ్ము. దుమ్మును బొమ్మగా గీయను. బండ మీద పారదర్శకపు టేపు అద్ది, ఆ టేపును నల్ల చార్టు ముక్క మీద అతికించి, చైనేజీకి సరిగ్గా కింద అంటిస్తాను. ఎల్-సెక్షన్‌లో సాధారణంగా అడ్డం 1:2500 అయితే నిలువు 1:250 వేసుకుంటాం, నిలువు పదిరెట్లు పెంచి చూపిస్తాం. లేకపోతే రోడ్డు ఎత్తుపల్లాలు కంటికి ఆనవు. కానీ ఆ సంగతి డ్రాయింగ్ మూలలో తప్పకుండా రాస్తాం. ఈ పట్టీకీ అదే నియమం. ఎక్కడ పెంచి చూపించామో రాయాలి.

మూడు పొరలూ ఒకదాని కింద ఒకటి పెట్టాకే నేను ఊహించనిది కనిపించింది. గీత వణికిన చోటల్లా దుమ్ము ఎక్కువుంటుందని అనుకున్నాను. చాలా చోట్ల అంతే ఉంది. కానీ కొత్తగా వేసిన రోడ్డు ముక్క ఒకటుంది. అక్కడ గీత స్కేలు పెట్టి గీసినట్టు నున్నగా పోతుంది. దాని కింది టేపు మాత్రం పట్టీ మొత్తంలోకీ తెల్లటి టేపుల్లో ఒకటి. రోడ్డు నున్నగా ఉంది కాబట్టి లారీలు వేగంగా పోతున్నాయి, పట్టలు లేవు, మార్జిన్ మట్టిదే. ఇంకో చోట దీనికి పూర్తిగా తలకిందులు. పాత బస్తీ సందులో గీత పిచ్చిపిచ్చిగా ఎగిరింది, దుమ్ము మాత్రం నామమాత్రం, ఎందుకంటే అక్కడికి లారీ రాదు. రోడ్డు ఒక్కదాన్నే చూసే ఆఫీసు మొదటిదాన్ని "పని పూర్తయింది" అని రాసుకుంటుంది. గాలి ఒక్కదాన్నే చూసే ఆఫీసుకు ఆ చోటు ఉందనే తెలియదు. గుంతలు పూడ్చడంతో గాలి బాగుపడదు, మార్జిన్‌కు రాళ్ళు పరచాలి, లోడ్ల మీద పట్టలు కప్పించాలి అన్న మాట ఈ ఒక్క పట్టీ చెప్పినంత స్పష్టంగా ఏ రిపోర్టూ నాకు చెప్పలేదు.

దీన్ని శాస్త్రం అనరని నాకు చెప్పిన మిత్రులున్నారు. పెన్ను గీతకు ప్రమాణం ఏముంది, బస్సు మారితే, డ్రైవర్ మారితే, సీటు మారితే గీత మారదా అని అడిగారు. మారుతుంది. అందుకే ఒకే రకం బస్సులో, ఒకే సీట్లో, ఒకే దిక్కున గీసినవాటినే పక్కపక్కన పెడతాను. ఈ గీతతో కాంట్రాక్టర్ బిల్లు ఆపమని నేను అడగడం లేదు. దానికి బంప్ ఇంటిగ్రేటర్ ఉండనే ఉంది. ఎక్కడ కొలవాలో చెప్పడానికి, కొలిచినదాన్ని జనానికి చూపించడానికి చేతిగీత కావాలి. రెండూ ఒకదానికొకటి పోటీ కాదు.

ఇంకొందరు, ఇప్పుడు చవకగా సెన్సర్లు వచ్చాయి కదా, అవి కొని పెట్టి కంప్యూటర్‌లో రంగుల మ్యాపు చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు. అయితే ఆ చిన్న సెన్సర్లు ధూళి మీద లేజర్ కాంతి పడినప్పుడు చెదిరే వెలుతురును చూసి అంచనా వేస్తాయి. సన్న ధూళికి కొంతవరకు పనికొస్తాయి. లావు ధూళిని సరిగా పట్టుకోలేవు, పీఎం10ను తక్కువ చూపిస్తాయి. తేమ ఎక్కువున్న ఉదయాల్లో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. మన దారి దుమ్ములో లావుదే ఎక్కువ భాగం. అంటే మన దుమ్మునే సరిగా చూడలేని కన్నుతో మన దుమ్మును గీస్తామన్నమాట. ఇక ఆ రంగుల మ్యాపులు. ఒకటి రెండు స్టేషన్ల అంకెలు తీసుకుని ఊరంతా మెత్తగా రంగు పూసేస్తారు. కొలవని చోట కూడా రంగు ఉంటుంది. అది చూసినవాళ్ళు తమ వీధిని కూడా ఎవరో కొలిచారనుకుంటారు. డ్రాఫ్ట్స్‌మన్‌గా నాకు ఇది మింగుడుపడదు. లెవెల్ తీయని, అంటే ఎత్తు కొలవని చోట లైను గీస్తే మా సీనియర్లు డ్రాయింగ్ చింపేసేవాళ్ళు. నా పట్టీలో బండ పెట్టని చోట ఖాళీయే ఉంటుంది. ఆ ఖాళీ చూసి, "మా ఇంటి దగ్గర ఎందుకు పెట్టలేదు?" అని అడిగినవాళ్ళున్నారు. అలా కొత్త బండలకు చోట్లు దొరికాయి.

అందం గురించి కూడా ఒక మాట. డేటాను సృజనాత్మకంగా గీయడం అంటే చాలామంది నల్లటి ఊపిరితిత్తుల బొమ్మ, మాస్కు కట్టుకున్న భూగోళం, పుర్రె గుర్తు అనుకుంటారు. బడిపిల్లల పోటీల్లో ఎక్కువగా ఇవే వస్తాయి. వాటిలో భయం ఉంది, సమాచారం లేదు. ఏ వీధి, ఏ రోజు, ఎంత అన్నది లేకపోతే ఆ బొమ్మ ఏ ఊరిదైనా కావచ్చు. కడపది కాదు. పిల్లలకు పుర్రె గీయడం కాదు, బడి గేటు దగ్గర పెట్టిన బండ మీది టేపును తారీఖుతో పాటు అతికించడం నేర్పితే వాళ్ళకు కొలవడం, గీయడం రెండూ వస్తాయి. రంగుల విషయంలోనూ అంతే. ఎరుపూ ఆకుపచ్చా విడిగా పోల్చుకోలేని మగవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళకు ఆ ఆరు రంగుల పట్టీలో సగం అర్థం కాదు. గీత మందం, షేడ్ ముదురు, పట్టీ వెడల్పు అందరికీ కనిపిస్తాయి.

నా చేతిలో ఉన్నవి కాగితం పట్టీలు. కార్పొరేషన్ చేతిలో అంతకంటే చాలా ఉంది. గాలి డబ్బుతో ఏ రోడ్డు పని చేసినా, పనికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఆ రోడ్డు మీది సిల్ట్ తూయించాలని నేను కోరుతున్నాను. చదరపు మీటరు గీసుకుని ఊడ్చి, 75 మైక్రాన్ల జల్లెడ పట్టి తూస్తే సరిపోతుంది. ఆ జల్లెడ సివిల్ బ్రాంచి ఉన్న ప్రతి ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులోనూ ఉంటుంది. కడపలో, ప్రొద్దుటూరులో పిల్లలు ప్రాజెక్టు వర్కు కోసం టాపిక్ లేదని తిరుగుతుంటారు, ఇదిగో టాపిక్. ఆ రెండు కొలతలూ, ఆ రోడ్డు బంప్ ఇంటిగ్రేటర్ రీడింగూ, లారీల లెక్కా ఒకే పట్టీగా గీసి వార్డు సచివాలయం గోడకు అంటించాలి. పని ఫలితం వీధివాళ్ళే చూసుకుంటారు. రోడ్డు బాగుపడి దుమ్ము తగ్గకపోతే అదీ కనిపిస్తుంది, అప్పుడు ఆ ట్యాంకరు నీళ్ళ ఖర్చు మార్జిన్ రాళ్ళకు మళ్ళించమని అడగడానికి చేతిలో ఆధారం ఉంటుంది.

కర్నూలులో నంద్యాల చెక్‌పోస్టు నుంచి బళ్ళారి చౌరస్తా దాకా, అనంతపురంలో టవర్ క్లాక్ నుంచి సప్తగిరి సర్కిల్ మీదుగా ఇలాంటి పట్టీ ఎవరైనా గీస్తే కడప పట్టీ పక్కన పెట్టి చూడాలని ఉంది. బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల లారీలు తిరిగే దారుల్లో అయితే మరీ అవసరం. బస్సు లేకపోతే ఆటోలో గీయండి, కానీ ఆటో అని రాయండి. నల్ల బండ దొరక్కపోతే నల్ల పలక పెట్టండి. మూలలో తేదీ, టైము, ఏ దిక్కున ప్రయాణించారు, గాలి ఎటునుంచి వీస్తోంది, ముందు రోజు వాన పడిందా లేదా అన్నవి తప్పకుండా రాయండి. ఆషాఢం గాలులు మొదలయ్యాక గీసే పట్టీని ఏప్రిల్ పట్టీతో పోల్చాలంటే అవి లేకుండా కుదరదు.